మనోవ్యాధుల్లో మెదడు రక్తప్రసరణ చిత్రణ: ఒక చారిత్రక పరిశీలన

సారాంశం: స్కిజోఫ్రీనియా, కుంగుబాటు వ్యాధులలో మెదడు రక్తప్రసరణను కొలవడానికి 1945 తరువాత జరిగిన ప్రయత్నాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొలిచే పద్ధతి మారినప్పుడల్లా వ్యాధిని గురించిన ప్రశ్న కూడా మారిందని, ఆ చిత్రాలు రోగనిర్ధారణ సాధనాలు కాలేకపోవడానికి కారణం ఈ చరిత్రలోనే కనిపిస్తుందని వివరిస్తుంది.

కీలక పదాలు: మెదడు రక్తప్రసరణ, స్కిజోఫ్రీనియా, కుంగుబాటు, లలాట ఖండం, చిత్రణ.

1. ఉపోద్ఘాతం

ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో మోసో, గాయం వల్ల కపాలంలో ఎముక లోపించిన వ్యక్తుల మెదడు స్పందనలను పందొమ్మిదో శతాబ్ది చివరలో నమోదు చేశాడు. 1890లో చార్లెస్ రాయ్, చార్లెస్ షెరింగ్టన్ జంతు ప్రయోగాల ఆధారంగా, మెదడు తన పనికి తగినట్లు రక్తసరఫరాను సర్దుబాటు చేసుకుంటుందని ప్రతిపాదించారు. మనోవ్యాధుల జాడను రక్తప్రసరణలో వెదకడానికి ఈ భావనే పునాది.

2. మొత్తం మెదడు కొలత

అమెరికాలో సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్ 1945లో నైట్రస్ ఆక్సైడ్ పద్ధతిని ప్రకటించారు. ఆ వాయువును స్వల్ప మోతాదులో పీల్చిన వ్యక్తి ధమని నుంచి, మెడలోని సిర నుంచి రక్తనమూనాలు తీసి, మెదడుకు చేరే రక్తాన్ని లెక్కగట్టారు. ఆరోగ్యవంతులలో అది 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 54 మిల్లీలీటర్లు. 1948లో కెటీ బృందం స్కిజోఫ్రీనియా రోగులను పరీక్షించినప్పుడు రక్తప్రసరణలో గాని, ఆక్సిజన్ వినియోగంలో గాని తేడా కనిపించలేదు. అయితే ఊరంతటికీ వచ్చే నీటిని కొలిచినంత మాత్రాన ఏ వీధి కొళాయి ఎండిందో తెలియదు. కనుక తరువాతి ప్రశ్న 'ఎంత' అన్నది కాక 'ఎక్కడ' అన్నదైంది.

3. భాగాలవారీ కొలత

రేడియోధార్మిక జెనాన్ వాడకంతో ఆ ప్రశ్నకు సమాధానం వెదకడం సాధ్యమైంది. స్వీడన్‌లో డేవిడ్ ఇంగ్వార్, గోరాన్ ఫ్రాంజెన్ 1974లో దీర్ఘకాలిక స్కిజోఫ్రీనియా రోగుల లలాట ఖండంలో, అంటే నుదుటి వెనుక భాగంలో, ప్రసరణ సాపేక్షంగా తక్కువని చూపారు. ఇది వ్యాధి లక్షణమా, ఏళ్ల తరబడి సాగిన నిరాసక్తత ఫలితమా అన్న సందేహం మిగిలింది. 1986లో డేనియల్ వైన్‌బర్గర్ బృందం మందులు వాడని రోగులకు, నియమాన్ని ఊహించి కార్డులను వర్గీకరించే పరీక్ష పెట్టింది. ఆ సమయంలో ఆరోగ్యవంతులలో పెరిగిన లలాట ప్రసరణ రోగులలో ఆ మేరకు పెరగలేదు. విశ్రాంతిలో మాత్రం అంత స్పష్టమైన తేడా లేదు. తరువాతి కొన్ని జ్ఞాపకశక్తి పరీక్షలలో రోగుల లలాట చలనం సాధారణం కంటే ఎక్కువగానూ కనిపించింది. లోపం స్థిరమైనది కాదని, అప్పగించిన పనిని బట్టి మారుతుందని దీనివల్ల తేలింది.

4. కుంగుబాటు

కుంగుబాటు విషయంలో మరో చిక్కు ఎదురైంది. 1997లో వేన్ డ్రెవెట్స్ బృందం లలాట ఖండం అడుగున ఒక చిన్న ప్రాంతంలో చలనం తగ్గినట్లు గుర్తించింది. కాని అక్కడి కణజాలం పరిమాణమే తగ్గిందని అదే అధ్యయనం చూపింది. కుదించుకుపోయిన భాగం చిత్రంలో మందకొడిగా కనిపించవచ్చు. 1999లో హెలెన్ మేబర్గ్ బృందం, ఆరోగ్యవంతులు దుఃఖాన్ని తలచుకున్నప్పుడు ఆ ప్రాంతంలో ప్రసరణ పెరుగుతుందని, రోగులు కోలుకున్నప్పుడు అక్కడ చలనం తగ్గుతుందని నివేదించింది. 2005లో ఆ ప్రాంతానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చిన ఆరుగురిలో నలుగురికి మేలు కలిగింది. 2017లో వెలువడిన పెద్ద పరీక్షలో మాత్రం ఆరు నెలల దశలో నిజమైన ప్రేరణకు, నామమాత్రపు ప్రేరణకు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

5. ముగింపు

ఈ అధ్యయనాలు ప్రధానంగా సమూహాల సగటులను పోల్చాయి. సగటులో తేడా ఉన్నా, రోగుల కొలతలు, ఆరోగ్యవంతుల కొలతలు చాలావరకు కలగలిసే ఉంటాయి. వయస్సు, మందులు, పరీక్షలో ఇచ్చిన పని ఫలితాన్ని మారుస్తాయి. అందువల్లనే నేటికీ ఈ వ్యాధుల నిర్ధారణ రోగితో జరిపే సంభాషణ, లక్షణాల పరిశీలన మీదనే ఆధారపడుతుంది. స్కానింగ్ ముఖ్యంగా కణితి వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికి తోడ్పడుతుంది. రంగుల చిత్రంలో తమ బాధకు రుజువు వెదికే రోగులకు, కుటుంబాలకు ఈ భేదం తెలియడం అవసరం. చిత్రంలో తేడా కనిపించనంత మాత్రాన వారి వ్యాధి అబద్ధం కాదు. 1948 నాటి ఫలితం తొలుత నేర్పిన పాఠం ఇదే.