నోరు చెప్పిన తొలి కబురు

కలకత్తా రేవుకు పక్కనే, హుగ్లీ ఒడ్డున ఉన్న పేట మెటియాబ్రుజ్. 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఇక్కడికి చేరి, 1887లో మరణించేదాకా ఇక్కడే గడిపాడు. నేడు ఈ పేట దర్జీ పనికి ప్రసిద్ధి. రోజంతా కుట్టు మిషను ముందు కూర్చుని కిళ్లీయో జర్దాయో నమిలే మనిషికి నోట్లో తెల్లమచ్చ కనబడితే ఏమనుకుంటాడు? నమిలే అలవాటు వల్లే అనుకుంటాడు. అది నిజం కావచ్చు. కాకపోనూ వచ్చు.

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో ఒక చిన్న నివేదిక ప్రచురించింది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకిందన్నది దాని సారాంశం. ఆ అయిదుగురికీ కాండిడా అనే శిలీంధ్రం కూడా సోకి ఉంది. ఎయిడ్స్ అనే పేరు అప్పటికింకా పుట్టలేదు.

కాండిడా మనకు కొత్త కాదు. ఆరోగ్యవంతుల్లో చాలామంది నోట్లో అది అణిగి ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచే పనిలో సి.డి.4 అనే తెల్ల రక్తకణాలది ముఖ్యపాత్ర. ఇవి మామూలుగా ఘన మిల్లీమీటరు రక్తంలో 500 నుంచి 1500 దాకా ఉంటాయి. హెచ్.ఐ.వి. వీటిని నాశనం చేస్తుంది. సంఖ్య 200 కంటే తగ్గేసరికి శిలీంధ్రం విజృంభించి, విరిగిన పాల తునకల్లాంటి పొర కడుతుంది. పొగాకు మచ్చ తుడిస్తే పోదు. ఈ పొర సాధారణంగా తుడిస్తే వస్తుంది, అడుగున ఎర్రగా కనిపిస్తుంది. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రీన్‌స్పాన్ దంపతులు, వారి సహచరులు మరో గుర్తును వర్ణించారు. అది నాలుక అంచుల మీద ముడతలు పడ్డ తెల్లమచ్చ, తుడిచినా పోదు.

ఈ గుర్తులు రోగాన్ని నిర్ధారించవు, రక్త పరీక్ష అవసరమని హెచ్చరిస్తాయి. ఆ పరీక్ష అందరికీ అందుబాటులో లేని రోజుల్లో ఈ హెచ్చరికకు ఎంతో విలువ ఉండేది. 1986లో మన దేశంలో తొలి కేసులను బయటపెట్టిన డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల మద్రాసులో సేకరించిన రక్తాన్ని పరీక్ష కోసం వెల్లూరుకు చేర్చవలసి వచ్చింది. నోరు చూడడానికి మాత్రం టార్చి లైటు, చిన్న అద్దం చాలు.

కానీ నోరు చూడవలసినవారే వెనక్కి తగ్గితే? దంతవైద్యం రక్తంతో, సూదులతో ముడిపడిన పని కాబట్టి భయం పుట్టింది. అయితే లెక్క చూడండి: రోగి రక్తం అంటిన సూది గుచ్చుకున్నా వైరస్ సోకే అవకాశం వెయ్యికి సుమారు మూడు. లాలాజలంలో వైరస్ అతి తక్కువ. పైగా దాన్ని అణచే ప్రోటీన్లు అందులో ఉన్నాయి. ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల వేడి పరికరాలను శుద్ధి చేస్తుంది. చేతి తొడుగులు, శుద్ధి చేసిన పరికరాలు ప్రతి రోగికీ వాడవలసినవే.

మన దేశంలో తొలి దంతవైద్య కళాశాలను 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించింది ఈ కలకత్తాలోనే. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్.ఐ.వి. మందులు ఉచితంగా ఇస్తోంది. అవి క్రమంగా వాడినవారిలో నోటి పూత బాగా తగ్గుతుంది. హెచ్.ఐ.వి. ఉందని వైద్యం నిరాకరించడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది.

మందు ఉంది, చట్టమూ ఉంది. మెటియాబ్రుజ్ దర్జీ నోట్లోని మచ్చ రెండు వారాలు దాటినా పోకపోతే దాన్ని ఎవరికైనా చూపించాలి. చూసేవారు మొహం తిప్పుకోకూడదు. మచ్చ పొగాకుదైనా, శిలీంధ్రానిదైనా, ఆ చూపు అతనికి మేలే చేస్తుంది.