లిస్బన్‌లో మొలకెత్తిన ఆఫ్రికా

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో, దూక్ దె ఆవిలా అనే వీధిలో 23వ నంబరు భవనంలో ఒకప్పుడు ఒక విద్యార్థి సంఘం ఉండేది. దాని పేరు ‘కాజా దోస్ ఎస్తుదాంతెస్ దో ఇంపేరియో’, అంటే సామ్రాజ్య విద్యార్థుల నిలయం. దాని పుట్టుకకు అండగా నిలిచింది నియంత సలాజార్ ప్రభుత్వం. వలస రాజ్యాల నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలను ఒకే గొడుగు కిందికి తెచ్చి, మంచి పోర్చుగీసు పౌరులుగా తీర్చిదిద్దాలని ఆ ప్రభుత్వం ఆశ. జరిగింది వేరు. ఆ గొడుగు కింద భోంచేసి, బంతాట ఆడి, పత్రిక నడిపి, సంఘం ఎన్నికల్లో నిలబడ్డ కుర్రాళ్లలోంచే ఆ సామ్రాజ్యాన్ని కూల్చిన నాయకులు వచ్చారు.

ఆఫ్రికా కుర్రాళ్లు లిస్బన్ దాకా ఎందుకు రావలసి వచ్చిందో ముందు చెప్పుకోవాలి. అంగోలా, మొజాంబిక్, గినీ, కేప్ వెర్దీ, సావో తొమే దీవులను పోర్చుగల్ శతాబ్దాల తరబడి ఏలినా, 1962 వరకు ఆ ఆఫ్రికా వలసల్లో ఒక్క విశ్వవిద్యాలయం కూడా పెట్టలేదు. డాక్టరు కావాలన్నా, ఇంజనీరు కావాలన్నా ఓడెక్కి లిస్బన్‌కో, కోయింబ్రాకో, పోర్తోకో చేరాలి. ఆ ఓడెక్కే యోగం కూడా కొద్దిమందికే. 1950 నాటికి అంగోలాలో ‘నాగరికులు’గా చట్టం గుర్తించిన నల్లజాతివారు నూటికి ఒక్కరు కూడా లేరు. అందుకే వచ్చినవారిలో అక్కడ స్థిరపడ్డ తెల్లవారి బిడ్డలు, మిశ్రమ జాతివారు ఎక్కువ, నల్లవారు తక్కువ.

పరాయి ఊళ్లో ఒంటరితనం భరించలేక వాళ్లు ముందు ప్రాంతాలవారీగా కూడారు. 1943లో అంగోలా విద్యార్థులు లిస్బన్‌లో తమకంటూ ఒక నిలయం పెట్టుకున్నారు. ఇతర వలసల విద్యార్థులూ అదే దారి పట్టారు. ఇలా ఎవరికి వారు విడివిడిగా సంఘాలు కట్టడం ప్రభుత్వానికి నచ్చలేదు. 1944లో అన్నింటినీ కలిపి ఒకే నిలయం చేశారు. లోపల ఒక్కో వలసకు ఒక్కో విభాగం ఉండేది. గోవా తదితర భారత ప్రాంతాల విద్యార్థులకు, మకావ్‌వారికి కూడా అందులో చోటుంది. కోయింబ్రాలో, పోర్తోలో శాఖలు వెలిశాయి. ప్రభుత్వం లెక్క సులువైనదే: అందరూ ఒకచోట ఉంటే కనిపెట్టి ఉండటం తేలిక. అయితే అందరూ ఒకచోట ఉంటే ఒకరి కథ ఒకరు వింటారన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

నిలయం రోజువారీ పనుల్లో రాజకీయం ఏమీ కనిపించేది కాదు. చవగ్గా భోజనం పెట్టే క్యాంటీన్, వైద్య సాయం, ఫుట్‌బాల్ జట్టు, నాట్యాలు, ఉపన్యాసాలు, గ్రంథాలయం ఉండేవి. కానీ అంగోలా కుర్రాడికి మొజాంబిక్‌లో వెట్టిచాకిరీ ఎలా ఉందో తెలిసింది ఆ భోజనాల బల్ల దగ్గరే. కేప్ వెర్దీ దీవుల్లో 1940లలో కరువుకు వేలాది మంది ఎలా చనిపోయారో మిగతావారు విన్నదీ ఇలాంటి కబుర్లలోనే. తమ ఊరి బాధ తమ ఒక్కరిదే కాదని తెలిసిన రోజున, సామ్రాజ్యం అనే మాటకు వాళ్ల మనసులో అర్థం మారిపోయింది.

అమీల్కర్ కబ్రాల్ గినీలో పుట్టి, కేప్ వెర్దీలో పెరిగి, 1945లో వ్యవసాయ శాస్త్రం చదవడానికి లిస్బన్ వచ్చాడు. మంచి ఫుట్‌బాల్ ఆటగాడు, కవిత్వం కూడా రాసేవాడు. నిలయం కార్యవర్గంలో ముఖ్యమైన పదవులు నిర్వహించాడు. 1947లో వైద్యం చదవడానికి కోయింబ్రా చేరిన అంగోలా యువకుడు అగొస్తీన్యో నేతో అక్కడి శాఖలో చురుగ్గా పనిచేశాడు. అంగోలా నుంచే భాషాశాస్త్రం చదవడానికి వచ్చినవాడు మారియో పింటో దె ఆంద్రాదె. మొజాంబిక్ నుంచి మార్సెలీనో దోస్ సాంతోస్, సావో తొమే నుంచి కవయిత్రి అల్దా దో ఎస్పిరితో సాంతో వచ్చారు. దాదాపు అందరూ ఇరవైల్లో ఉన్నవారే.

వీళ్లను కలవరపెట్టిన విషయం ఒకటుంది. పోర్చుగల్ రాజులు, నదులు, రైలు మార్గాలు బడిలో కంఠతా పట్టారు. సొంత గడ్డ చరిత్ర, భాషలు, నేల మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ లోటు తామే పూడ్చుకోవాలనుకున్నారు. 1951లో ఎస్పిరితో సాంతో కుటుంబం ఉండే ఇంట్లో ‘ఆఫ్రికా అధ్యయన కేంద్రం’ మొదలైంది. సెలవు రోజున కూడి, ఒకరు ఆఫ్రికా భౌగోళిక స్వరూపం గురించి, ఒకరు భాషల గురించి, ఇంకొకరు సాగు పద్ధతుల గురించి మాట్లాడేవారు. మనసును మళ్లీ ఆఫ్రికాకు మళ్లించుకోవడం అని కబ్రాల్ దీన్ని తలిచేవాడు. 1953లో మారియో, సావో తొమే కవి ఫ్రాన్సిస్కో జోజె తెన్రేరో కలిసి పోర్చుగీసు భాషలోని నల్లజాతి కవిత్వంతో ఒక చిన్న సంకలనం తెచ్చారు. పుటలు తక్కువే, కానీ అంగోలా, మొజాంబిక్, సావో తొమే గొంతులు అందులో పక్కపక్కన నిలిచాయి.

ప్రభుత్వానికి అనుమానం ముదిరింది. 1952లో విద్యార్థులు ఎన్నుకున్న కార్యవర్గాన్ని పక్కకు నెట్టి, తాను నియమించిన సంఘానికి నిలయాన్ని అప్పగించింది. 1957 వరకు అదే పరిస్థితి. ఎన్నికలు తిరిగొచ్చాక కొత్త తరం విద్యార్థి నాయకులు పగ్గాలు పట్టి పుస్తకాల మీద దృష్టి పెట్టారు. 1948లోనే మొదలైన ‘మెన్సాజెం’ పత్రికకు తోడు, కార్లోస్ ఎర్వెదోజా, కోస్తా ఆంద్రాదెల సంపాదకత్వంలో వలస ప్రాంతాల రచయితల చిన్న చిన్న పుస్తకాలు వరుసగా వెలువడ్డాయి. లువాందీనో వియేరా కథలు 1960లో, నేతో కవితలు 1961లో, మొజాంబిక్ మహాకవి జోజె క్రవెయిరీన్యా తొలి సంపుటి 1964లో ఈ విద్యార్థుల చేతుల మీదుగానే వచ్చాయి. ఈ రోజు పోర్చుగీసు భాషలోని ఆఫ్రికా సాహిత్యానికి పునాది రాళ్లని చెప్పే పుస్తకాలు ఇవి. అచ్చు వేసింది పెద్ద ప్రచురణకర్తలు కాదు, పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాళ్లు.

1961లో అంగోలాలో సాయుధ పోరాటం మొదలైంది. లిస్బన్‌లో ఆఫ్రికా విద్యార్థుల మీద రహస్య పోలీసు సంస్థ పీడే కన్ను మరింత పడింది. సైన్యంలో చేరమనే పిలుపు ఎప్పుడు వస్తుందోనన్న భయం పట్టుకుంది. ఆ ఏడు జూన్‌లో సిమాద్ అనే ఫ్రెంచి ప్రొటెస్టంట్ సేవాసంస్థ సాయంతో దాదాపు 60 మంది విద్యార్థులు దొంగచాటుగా స్పెయిన్ మీదుగా ఫ్రాన్స్ చేరారు. వాళ్లలో జువాకిం షిసానో తర్వాత మొజాంబిక్ అధ్యక్షుడయ్యాడు. పాస్కోల్ మొకుంబి అదే దేశానికి ప్రధాని అయ్యాడు. పెద్రో పిరెస్ కేప్ వెర్దీకి ముందు ప్రధానిగా, తర్వాత అధ్యక్షుడిగా పనిచేశాడు. అదే ఏడాది డిసెంబరులో గోవా కూడా పోర్చుగల్ చేయి దాటి భారతదేశంలో కలిసింది.

నిలయాన్ని 1965లో పీడే మూయించింది. అదే ఏడాది లువాందీనో వియేరా ‘లువాందా’ పుస్తకానికి బహుమతి ఇచ్చినందుకు పోర్చుగీసు రచయితల సంఘాన్ని కూడా రద్దు చేశారు. అప్పటికి ఆ రచయిత జైల్లో ఉన్నాడు. తలుపులు మూశారు గానీ అందులోంచి వెళ్లినవారు అప్పటికే అడవుల్లో, ప్రవాసంలో ఉద్యమాలు నడుపుతున్నారు. 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లోనే నియంతృత్వం కూలింది. 1975లో మొజాంబిక్, కేప్ వెర్దీ, సావో తొమే, అంగోలా వరుసగా స్వతంత్రమయ్యాయి. నేతో అంగోలాకు తొలి అధ్యక్షుడయ్యాడు.

ఈ చరిత్రలో పండగ ఒక్కటే లేదు. కబ్రాల్‌ను 1973 జనవరిలో కొనాక్రీలో చంపేశారు. స్వాతంత్ర్యం కళ్లారా చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. ఒకప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చున్న నేతో, మారియో రాజకీయంగా విడిపోయారు. అంగోలా 2002 దాకా అంతర్యుద్ధంలో నలిగింది. విద్యార్థి దశలోని స్నేహం ఒక దేశపు చీలికలన్నిటినీ మాన్పలేదు. కానీ ఆ స్నేహం లేకపోతే ఐదు దేశాల పోరాటాలు ఒకదానికొకటి అండగా నిలిచేవి కావు.

1970లో అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ప్రసంగంలో కబ్రాల్, జాతి విమోచన అనేది మూలంలో ఒక సాంస్కృతిక కార్యమని వాదించాడు. ఆ వాదానికి వెనుక ఒక గ్రంథాలయమో సిద్ధాంతమో మాత్రమే లేదు. క్యాంటీన్ లెక్కలు చూసిన, సమావేశానికి కుర్చీలు వేసిన, పత్రిక ప్రూఫులు దిద్దిన, ఓటు అడిగి ఓడిపోవడం నేర్చుకున్న ఏళ్ల అనుభవం ఉంది. విశ్వవిద్యాలయాల్లో సాంస్కృతిక సంఘాలంటే ఏడాదికోసారి ఆటపాటలనీ, చదువుకు అడ్డమనీ కొట్టిపారేసేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న ఆఫ్రికా విద్యార్థులు తమ దేశాల పేరిట కూడుకున్నా, విదేశాల్లో మన పిల్లలు తెలుగు సంఘం పెట్టుకున్నా, అక్కడ జరిగే పని ఇదే: తమను తాము తెలుసుకోవడం, పక్కవాడి కథ వినడం, నలుగురినీ కలుపుకుని ఒక పని చివరిదాకా నడపడం. ఒక దేశాన్ని నడపాలంటే కావలసిన తొలి పాఠాలు ఇవే. వాటిని ఏ తరగతి గదీ పూర్తిగా నేర్పలేదు.