సస్పెన్షన్ సవరణ (కఠిన నేలలపై నడిచే వాహనాలు)

సస్పెన్షన్ సవరణ అనగా గతుకుల నేలపై నడిచే వాహనపు స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను, టైర్లలోని గాలిని ఆ నేలకు, మోసే బరువుకు తగినట్లు సరిచేయడం. ప్రయాణికులకు కుదుపు తగ్గించడం దీని ఉద్దేశాలలో ఒకటి మాత్రమే. చక్రం నేలను విడవకుండా చూడటమే అసలు లక్ష్యం. గాలిలోకి లేచిన చక్రంపై బ్రేకుకు గాని, స్టీరింగుకు గాని అధికారం ఉండదు.

అనంతపురం పీఠభూమి

సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే గల ఈ కరవు ప్రాంతం 2022 నుండి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలలో విస్తరించి ఉన్నది. అధిక భాగం గులకరాళ్ళతో కూడిన పలుచని ఎర్రనేల. ఇట్టి మట్టిబాటలపై వాహనాల రాకపోకల వలన అలల వంటి అడ్డచాళ్ళు ఏర్పడతాయి. బొమ్మనహాళ్, కణేకల్ మండలాలలో వేదవతి (హగరి) నది ఇసుక గాలికి కొట్టుకొనివచ్చి మేటలు వేసింది. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి ఉన్నది. అందుచేత ఒకే సవరణ అన్ని బాటలకూ సరిపోదు.

కమాను కట్టలు

1940ల చివరిలో మహీంద్రా సంస్థ భారతదేశంలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. వీటి నాలుగు చక్రాలకూ ఉక్కు పట్టీల స్ప్రింగులే. మెకానిక్కులు వీటిని కమాను కట్టలు అంటారు. పట్టీల మధ్య రాపిడి కొంత ఊపును అణచివేస్తుంది. అయితే దుమ్ము, తుప్పు చేరి రాపిడి మితిమీరితే చిన్న గతుకులకు కట్ట కదలనే కదలదు.

పరిమితికి మించి జనాన్ని ఎక్కించుటకై అదనపు పట్టీ వేయించడం చాలాచోట్ల కనిపించే అలవాటు. ఇది ప్రమాదకరం. పట్టీ బరువును మోస్తుంది గాని బ్రేకుల శక్తిని పెంచదు. బండి ఎత్తు పెరిగి గరిమనాభి పైకి జరుగుతుంది కనుక మలుపులో బోల్తాపడే అవకాశం హెచ్చుతుంది. ఖాళీగా నడిచేటప్పుడు వెనుక చక్రాలు ఎగురుతాయి.

షాక్ అబ్జార్బర్లు

స్ప్రింగు శక్తిని దాచుకొని తిరిగి ఇస్తుంది. షాక్ అబ్జార్బర్ దానిని వేడిగా మారుస్తుంది. స్ప్రింగు అణగునప్పటి నిరోధం, తిరిగి సాగునప్పటి నిరోధం వేర్వేరు. సాగుడు నిరోధం మరీ తక్కువైతే బండి ఊగుతూనే ఉంటుంది. మరీ ఎక్కువైతే అడ్డచాళ్ళపై చక్రం కిందికి దిగేలోగా తదుపరి మిట్ట తగులుతుంది; బండి క్రమంగా కుంగిపోయి స్ప్రింగుకు కదలడానికి చోటు మిగలదు. ఈ లోపాన్ని చాలామంది స్ప్రింగు మెత్తదనంగా పొరబడి గట్టి స్ప్రింగు వేయిస్తారు, దానితో స్థితి మరింత చెడుతుంది. దీర్ఘకాలం కుదుపులలో నూనె వేడెక్కి నురగలు కట్టినా నిరోధం తగ్గుతుంది. నత్రజని వాయువును ఒత్తిడితో నింపిన రకాలలో ఈ ఇబ్బంది తక్కువ.

మోటారు సైకిళ్ళలో స్ప్రింగు ముందస్తు బిగింపును మార్చే ఏర్పాటు ఉంటుంది. దీని వలన మారేది బండి ఎత్తే గాని స్ప్రింగు గట్టిదనం కాదు.

సవరణ క్రమం

ముందుగా బండిపై నిత్యం ఉండే బరువును వేసి, ఆపై టైర్ల గాలిని, స్ప్రింగును, చివరగా షాక్ అబ్జార్బర్‌ను చూడాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి అదే బాటపై నడిపి చూడాలి. లేనిచో ఏ మార్పు ఏ ఫలితం ఇచ్చినదో తెలియదు. ఇసుకలో టైర్ల గాలి తగ్గించితే నేలను తాకే వైశాల్యం పెరిగి చక్రం కూరుకుపోదు. రాళ్ళబాటకో, తారురోడ్డుకో చేరగానే తిరిగి నింపాలి.

2020లో వచ్చిన రెండవ తరం మహీంద్రా థార్‌లో నాలుగు చక్రాలకూ చుట్ల స్ప్రింగులు అమర్చారు. వీటిలో పట్టీల రాపిడి లేనందున ఊపును అణచే భారమంతా దాదాపుగా షాక్ అబ్జార్బర్లపైనే పడుతుంది.