అతిపేదల జీవనోపాధి మార్గదర్శనం: గుంటూరు, ప్రకాశం మైదానాలు

అతిపేద కుటుంబానికి డబ్బో పశువో ఇచ్చి వదిలేయకుండా, పని తెలిసిన ఒక మనిషిని కొంతకాలం తోడుగా ఉంచి, సాగు లేదా వ్యాపారం నేర్పుతూ, పొదుపునూ ఖర్చుల లెక్కనూ అలవాటు చేస్తూ, ఆ కుటుంబం తన కాళ్ల మీద తాను నిలబడేదాకా వెంట ఉండే పద్ధతిని జీవనోపాధి మార్గదర్శనం అంటారు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన కార్యక్రమం వల్ల ఈ పద్ధతి ప్రపంచానికి తెలిసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప నేలల్లో మాత్రం పేదలకు బతుకుతెరువు నేర్పే ప్రయత్నాలకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. నేర్పేది ఎవరు, ఏ అధికారంతో అన్న ప్రశ్న ఆ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

ఈ ప్రయత్నాల్లో తొలినాటిది నిర్బంధంతో కూడినది. ఉప్పు, ధాన్యం ఊరూరా తిప్పి అమ్ముకుంటూ, బుట్టలు అల్లుకుంటూ బతికిన ఎరుకలకు రైళ్లు, బ్రిటిష్ ప్రభుత్వ ఉప్పు విధానం వచ్చాక ఆ వ్యాపారం చేజారింది; ఆపైన 1911 నేరస్థ తెగల చట్టం వారికి పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. బాపట్ల దగ్గర 1913-14 ప్రాంతంలో వెలసిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటును ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీకి అప్పగించగా, అక్కడ వ్యవసాయం, కూలిపని నేర్పడంతో పాటు హాజరు పట్టీ, అనుమతి లేనిదే ఊరు దాటరాదన్న ఆంక్ష కూడా అమలయ్యాయి. తర్వాతి కాలంలో చీరాల పొగాకు కర్మాగారానికి కూలీలు ఇక్కడి నుంచి వెళ్లారు. నేర్పిన పని కొందరికి కూడు పెట్టి ఉండవచ్చు గాని, కావలి వాడే గురువైన చోట నేర్చుకునే వాడికి ఎంపిక అన్నది మిగలదు. ఆ చట్టం స్వాతంత్ర్యానంతరమే రద్దయింది.

రెండో దశలో సలహా పురుగుమందుల దుకాణం నుంచి వచ్చింది. 1970ల నుంచి నల్లరేగడి నేలల్లో పత్తి విస్తరించగా, విత్తనం, ఎరువు, మందు అప్పుగా ఇచ్చే వ్యాపారే ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో కూడా చెప్పే స్థితి వచ్చింది; ఎంత ఎక్కువ కొట్టిస్తే అంత అమ్మకం గనుక, ఆ సలహాలో రైతు మేలుకన్నా సరుకు అమ్ముడుపోవడమే ముందుండేది. తెల్లదోమ, శనగపచ్చ పురుగు విరుచుకుపడిన 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పంట పోయి, అప్పు మిగిలి, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వారిలో కౌలుదారులూ చిన్న కమతాల వారూ ఉన్నారు. ఈ విషాదం దేశమంతటా చర్చకు వచ్చినా, దానికి మూలమైన సలహా వ్యవస్థను మార్చే పని చాలాకాలం జరగలేదు.

మార్పు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి పొలంబడి. రైతులు గుంపుగా చేలోకి వెళ్లి, మొక్కను, పురుగును, పురుగును తినే మిత్ర కీటకాలను స్వయంగా గమనించి, మందు అవసరమో కాదో తామే తేల్చుకునే ఈ పద్ధతి 1989లో ఇండోనేషియా వరిపొలాల్లో పుట్టి ఆంధ్రప్రదేశ్‌కు చేరింది. ప్రకాశంతో సహా ఏడు జిల్లాల్లో 2003 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన భూగర్భజల పథకం ఇదే పద్ధతిని నీటికి వర్తింపజేసింది. బోరుబావుల నీటిమట్టాన్ని, వానను రైతులే కొలిచి, ఊరి నీటి బడ్జెట్ వేసుకుని, ఏ పంట వేయాలో చర్చించుకునేవారు.

రెండోది మహిళా సంఘాల దారి. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, 2000లో ఆరు జిల్లాల్లో ఆరంభించిన వెలుగు పథకం 2003 నుంచి గుంటూరు, ప్రకాశాలతో సహా మిగతా గ్రామీణ జిల్లాలకు విస్తరించింది. దీనిలో అన్నిటికన్నా విలువైన ఆవిష్కరణ సామాజిక వనరుల వ్యక్తి, ఊళ్లలో పిలిచే పేరు సీఆర్పీ: తానూ పేదరికం నుంచి పైకి వచ్చిన సంఘ సభ్యురాలు మరో ఊరికి వెళ్లి, అక్కడి పేదల మధ్య ఉండి, సంఘాన్ని కట్టించి, పద్దు రాయడం నేర్పేది. ఇలాంటి మహిళలు తర్వాత బీహార్‌కూ వెళ్లి పనిచేశారు. సంఘాల్లో చేరలేని అతిపేదలను గుర్తించడానికి ఊరివారితోనే జాబితా తయారు చేయించడం మరో ముందడుగు.

అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పురుగుమందులు మానేశాక, సెర్ప్ 2004-05లో ఆ అనుభవాన్ని చేపట్టి, వేప కషాయాలు, లింగాకర్షక బుట్టలు, ఎర పంటగా బంతి వంటివి తోటి రైతుల చేతనే నేర్పించింది. పెట్టుబడి తగ్గడమే ఇందులో పేదవారికి అసలు మేలు. మిరపలాంటి ఖర్చెక్కువ పంటలో ఇది మరీ ముఖ్యం. గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ 2016 నుంచి దీనిని ప్రకృతి వ్యవసాయంగా విస్తరించింది. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం లభించింది. దాదాపు 20 సెంట్లలో రకరకాల కూరగాయలు దఫాలవారీగా వేసి, వారంవారం రాబడి పొందే నమూనాను ఊళ్లలో ఏటీఎం అంటున్నారు. కొద్దిపాటి నేలే ఉన్న కుటుంబాలకు ఇది అందుబాటులో ఉన్న ఉపాయమే, కాని ఆ నేల కౌలుదైతే ఏటా యజమాని దయ మీదే ఆధారపడాలి.

బ్రాక్ తరహా కార్యక్రమాలు ఆరు దేశాల్లో ఫలించాయని 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. మెదక్ జిల్లాలో మాత్రం ఎస్‌కేఎస్ అనే సూక్ష్మరుణ సంస్థ చేపట్టిన అలాంటి కార్యక్రమంలో, పశువులు పొందిన కుటుంబాలు కూలిపని వదులుకోవలసి వచ్చి నికర లాభం లేకపోయిందని పరిశోధకులు తేల్చారు. అక్కడ కూలిరేట్లు పెరిగిన సమయమది. పత్తి తీత, మిరప కోతల కాలంలో కూలి గిరాకీ ఎగిసే ఈ మైదానాలకు ఆ ఫలితం నేరుగా సంబంధించినదే. ఇంట్లో కొత్త పని పెట్టించే ముందు కుటుంబానికి అప్పటికే ఉన్న రాబడి ఎంతో చూడాలి.

2025 ఉగాది నాడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన పీ4 (ప్రభుత్వ, ప్రైవేటు, ప్రజల భాగస్వామ్యం) కార్యక్రమంలో సంపన్నులు మార్గదర్శులుగా, పేద కుటుంబాలు బంగారు కుటుంబాలుగా నమోదవుతున్నారు. సీఆర్పీల పద్ధతిలో నేర్పేది ఒకనాటి పేదరాలు. ఇక్కడ ఆ స్థానం సంపన్నుడిది. అతను డబ్బుతో పాటు సమయం కూడా ఇస్తాడా, కుటుంబం మాట వింటాడా అన్నదాన్ని బట్టే ఇక్కడి ఫలితాన్ని అంచనా వేయాలి.