మేడ మీది డిటెక్టివులు

ఎక్కడైనా హత్య జరిగితే, మర్నాటికి పోలీసులకు ఇంకా ఏమీ తెలియదు గాని, వీధిలో వాళ్ళకు మాత్రం అన్నీ తెలిసిపోతాయి. గడియ లోపలినుంచి పెట్టి ఉందా, బయటినుంచి పెట్టి ఉందా, కుక్క ఎందుకు మొరగలేదు, ఇంటివాళ్ళకు మెలకువ ఎందుకు రాలేదు - పాలపాకెట్లు తీసుకునే వేళకు మొదలైన దర్యాప్తు, పప్పులో పోపు పడేలోగా పూర్తయిపోతుంది. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు గాని, ఈ విషయంలో టీకొట్టు దగ్గర చేరే మగవాళ్ళు మనకేమీ తీసిపోరు.

ఈ విద్య మనకు మాత్రమే అబ్బిందనుకోకండి. దీనికి నూటయాభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది.

1860 జూన్ నెలాఖరున ఇంగ్లండులో, రోడ్ అనే పల్లెటూళ్ళో, ఒక కలవారి ఇంట్లో నాలుగేళ్ళు కూడా నిండని పసివాడు రాత్రికి రాత్రి ఆయా గదిలోంచి మాయమయ్యాడు. తెల్లారాక, పెరట్లోని మరుగుదొడ్డిలో గొంతు కోసి ఉన్న శవం దొరికింది. తలుపులన్నీ వేసి ఉన్న ఇల్లు. అంటే చంపినవాళ్ళు ఆ ఇంట్లోవాళ్ళే కావాలి. ఇక చూడండి, దేశం దేశమంతా డిటెక్టివులైపోయారు. పత్రికలకూ, ప్రభుత్వానికీ ఉత్తరాలే ఉత్తరాలు. ఆయా అని ఒకరు, తండ్రి అని ఒకరు. అంతటి చార్లెస్ డికెన్సు కూడా, తండ్రీ ఆయా కలిసి చేశారని ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

స్కాట్లండ్ యార్డ్ నుంచి వచ్చిన విచర్ అనే ఇన్‌స్పెక్టరు మాత్రం పసివాడి సవతి అక్కను, పదహారేళ్ళ కాన్‌స్టెన్స్‌ను, అనుమానించాడు. చాకలి పద్దులో ఉండవలసిన ఆమె రాత్రి గౌను ఒకటి లెక్కకు రాలేదన్నది ఆయన పట్టుకున్న ఆధారం. పెద్దింటి ఆడపిల్ల మీద నింద వేస్తావా అని జనం ఆయన్ని దుమ్మెత్తిపోశారు. సాక్ష్యం చాలక పిల్లను వదిలేశారు. ఆయన పరువు పోయింది. ఐదేళ్ళు గడిచాక, 1865లో, ఆ అమ్మాయే వచ్చి నేరం ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళు జైల్లో ఉండి, తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళి, నర్సుగా పనిచేసి, నూరేళ్ళు బతికి 1944లో పోయింది. ఇంగ్లీషులో డిటెక్టివు నవలలు రావడానికి దారి తీసిన కేసుల్లో ఇదొకటి.

ఆ నవలల గాలి మన దాకా రానే వచ్చింది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు మన అమ్మలకు ఇంట్లో మనుషులంత చనువు. అద్దె పుస్తకాల షాపులోంచి తెచ్చిన నవలను కొంగు కింద దాచుకుని వంటింట్లోకి పోయిన ఇల్లాళ్ళెందరో! ఆ పుస్తకాలు మనకొక సూత్రం నేర్పాయి. ఎవరి మీద అనుమానం రాదో వాళ్ళే హంతకులు. కానీ చిత్రమేమిటంటే, పుస్తకం మూసి వీధిలోకి వచ్చేసరికి ఆ సూత్రం తలకిందులవుతుంది. అక్కడ ఎవర్ని అనుమానించడం సులువో వాళ్ళే హంతకులు.

2007 డిసెంబరు 27న, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, ఒక ఆడపిల్లల హాస్టల్లో ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయి దారుణంగా హత్యకు గురైంది. ఆ పిల్ల పేరు తెలియని తెలుగువాళ్ళుండరు. అయినా ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. కూతుర్ని హాస్టల్లో ఉంచి చదివిస్తున్న ప్రతి తల్లికీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శవం దగ్గర ఒక ఉత్తరం దొరికిందని పేపర్లలో వచ్చింది. ఉత్తరం అనేసరికి ఊరూరా చేతిరాత నిపుణులు పుట్టుకొచ్చారు.

అప్పట్లో మేం బెంజ్ సర్కిల్‌కు దగ్గర్లో, పటమట వైపు, ఒక మేడలో కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే రోడ్డూ, బందరు నుంచి హైదరాబాదుకు పోయే రోడ్డూ కలిసే చోటు అది. 2020లో తెరిచిన ఫ్లైఓవరు అప్పటికి లేదు. నాలుగు వైపుల లారీలూ కిందనే మలుపు తిరిగేవి. అలాంటి చోట ప్రతి రెండో మనిషీ ఏ ఊరివాడో తెలియనివాడే.

సంక్రాంతి ముందు బూడిదగుమ్మడికాయ వడియాలు పెట్టుకోవడానికి మేడ మీద చేరేవాళ్ళం. ఒక చెయ్యి వడియం పెడుతుంటే, నోరు దర్యాప్తు చేసేది. మేడ మీద ఒంటిగదిలో ఆటోనగర్‌లో ఏదో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఒకడు అద్దెకుండేవాడు. రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున వచ్చి పడుకునేవాడు. ఎవరితోనూ మాట్లాడడు.

"వదినగారూ, ఆ వారంలో రెండ్రోజులు గదికి తాళం వేసి ఉంది. నేను చూశాను," అంది పక్కవాటా ఆవిడ.

"పెళ్ళి కాలేదు, స్నేహితులు లేరు, సినిమాకి కూడా పోడు. అదేం మనిషండీ!" అంది ఎదురింటావిడ.

ఇంకొకావిడ అతను పాలవాడికి రాసిపెట్టిన చీటీని జాగ్రత్త చేసి, బ్లౌజులోంచి తీసి చూపించింది. "రేపు పాలు వద్దు" అన్న మూడు ముక్కలున్న ఆ చీటీని నలుగురూ తిప్పి తిప్పి చూశారు. 'ప'కారం వంకర చూస్తే మనిషి వంకర తెలుస్తోందన్నారు.

మా అత్తగారు పిండి కలుపుతూ అంతా విన్నారు. చివరికి తల ఎత్తి, "రెండ్రోజులు ఎక్కడికి పోయావు నాయనా అని ఆ అబ్బాయిని ఎవరైనా అడిగారటమ్మా?" అన్నారు.

ఎవరూ అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది. జవాబు వస్తే కథ పాడవుతుంది. పండగ వెళ్ళాక ఇంటివాళ్ళు అతన్ని గది ఖాళీ చెయ్యమన్నారు. ఎందుకో అతనికి చెప్పలేదు. చిన్న ట్రంకు పెట్టె, చాపచుట్ట రిక్షాలో వేసుకుని వెళ్ళిపోయాడు. చీటీ చూపించినావిడ కూడా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

మేడ మీద అనుమానానికి ఒక గది ఖాళీ అయింది. అంతే. అదే అనుమానం లాఠీ పట్టుకుంటే ఏమవుతుందో, ఆ కేసులోనే చూడవలసి వచ్చింది.

2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేసి, నేరం ఒప్పుకున్నాడన్నారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. జైల్లో ఉండగానే అతనికి కాళ్ళు పట్టు తప్పే నరాల జబ్బు చేసింది. ఊరు రెండు పార్టీలైంది. దొంగ దొరికాడు, పీడ వదిలింది అన్నవాళ్ళు కొందరు. అమాయకుణ్ణి ఇరికించారన్నవాళ్ళు కొందరు.

ఈ రెండో మాట అన్నవాళ్ళలో అందరికంటే ముందున్నది ఎవరో తెలుసా? చనిపోయిన పిల్ల తల్లి. నా బిడ్డను చంపింది ఇతను కాదు అని ఆవిడ మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. కడుపుకోతతో ఉన్న తల్లికి, ఇదిగో నీ కూతుర్ని చంపినవాడు అని ఒక మనిషిని తెచ్చి చూపిస్తే, నమ్మడం ఎంత తేలిక! శాపనార్థాలు పెట్టుకోవడానికైనా ఒక మొహం దొరుకుతుంది. రాత్రిళ్ళు కాస్త కునుకు పడుతుంది. ఆ ఓదార్పును ఆవిడ వద్దన్నారు. నిజం కావాలన్నారు. పోయిన బిడ్డ ఆవిడది. తీర్పులు చెప్పే తొందర మాత్రం మనది.

నిజానికి ఈ తొందర ఎంత ప్రమాదమో మన చట్టానికి ఎప్పుడో తెలుసు. 1855లో, కృష్ణా డెల్టా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, ఆ రాష్ట్రంలో జరుగుతున్న చిత్రహింసల మీద ఒక కమిషను విచారణ చేసింది. శిస్తు కట్టించడానికీ, నేరం ఒప్పించడానికీ జనాన్ని ఎలా హింసించేవాళ్ళో, వేళ్ళను కర్రల మధ్య పెట్టి నొక్కే కిట్టితో సహా ఆ నివేదికలో ఉంది. 1861లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, ఆ తర్వాత 1872 సాక్ష్య చట్టం, పోలీసుల దగ్గర ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యంగా చెల్లదన్నాయి. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు బయటపడితే అంతవరకే లెక్క. 2024 జూలైలో కొత్త సాక్ష్య చట్టం వచ్చినా ఈ నియమం అలాగే ఉంది. "ఒప్పుకున్నాడట" అన్న ఒక్క మాటతో మనం మూసేసే కేసుని, చట్టం ఆ మాట దగ్గర మొదలుపెట్టను కూడా పెట్టదు.

2017 మార్చి 31న హైకోర్టు ఆ యువకుడు నిర్దోషి అని తీర్పు చెప్పింది. లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదిన్నరేళ్ళు జైల్లో గడిచిపోయాయి. 2018 నవంబరులో కేసు సి.బి.ఐ.కి వెళ్ళింది. 2019 డిసెంబరులో, తెనాలిలో, పన్నెండేళ్ళ కిందట మట్టిలో కలిపిన బిడ్డను మళ్ళీ పైకి తీసి పరీక్ష చేశారు. తప్పు మనిషిని పట్టుకోవడమంటే ఒక అమాయకుడి బతుకు పోవడమొక్కటే కాదు, అసలు మనిషికి అన్నేళ్ళు వ్యవధి ఇవ్వడం కూడా.

రోడ్ ఊళ్ళో పోలీసు అధికారిది నిజం, జనానిది పొరపాటు. ఇబ్రహీంపట్నం కేసులో పోలీసులది పొరపాటని కోర్టు తేల్చింది, తల్లి మాట నిలబడింది. కాబట్టి పోలీసులదే ఒప్పనీ, జనానిదే ఒప్పనీ ఒక లెక్క వేసుకోవడానికి లేదు. కుట్టుపని చేసేవాళ్ళకు తెలుసు, కొలత తీసుకోకుండా కత్తెర పెట్టకూడదని. గుడ్డ అయితే మళ్ళీ కొనుక్కోవచ్చు.

మనుషులన్నాక మాట్లాడుకోకుండా ఉండలేం. ఉండనూ అక్కర్లేదు. నలుగురు ఆడవాళ్ళు మాట్లాడుకున్నందువల్ల బయటపడిన ఘోరాలూ ఉన్నాయి. అయితే మాట్లాడేముందు చూసింది ఒక పక్కన, విన్నది ఒక పక్కన, ఊహించింది ఒక పక్కన పెట్టుకుందాం. బియ్యంలో రాళ్ళేరడం మనకు కొత్తేమీ కాదుగా! ఏరాక చేటలో ఏమైనా మిగిలితే, అది చెప్పవలసిన చోట ధైర్యంగా చెబుదాం. ఏమీ మిగలకపోతే, మేడ మీది కుర్రాణ్ణి అతని నిద్ర అతన్ని పోనిద్దాం.