ఆ గురువారం పాపని పంపాల్సి వచ్చింది

2003 ఏప్రిల్ 24. గురువారం. ఈస్టర్ వెళ్లి నాలుగు రోజులే అయింది.

మాడ్రిడ్ శివారు పట్టణం నవాల్‌కార్నెరో. అక్కడి కోర్టులో వాయిదా అప్పుడే ముగిసింది. విడిపోయిన భార్యాభర్తల కేసు. కాపురం చేసిన ఇల్లు ఎవరి చేతిలో ఉండాలన్నది తగువు. ఆంహెలా గొన్సాలెస్ కార్రెన్యో హాల్లోంచి బయటికొచ్చింది. భర్త ఆమె దగ్గరికి నడిచొచ్చాడు.

ఒక్క మాటే అన్నాడు. నీకు అన్నిటికన్నా ప్రాణమైనదాన్ని నీకు లేకుండా చేస్తానన్నాడు.

ఆమెకి అంత ప్రాణమైనది ఈ లోకంలో ఒక్కటే ఉంది. పేరు ఆండ్రియా. ఏడేళ్ల పాప.

ఆ సాయంత్రమే ఆ పాపని తండ్రి దగ్గరికి పంపాలి. తల్లే తీసుకెళ్లి దింపాలి. అది కోర్టు ఆర్డరు.

*

ఆంహెలా ఇల్లు వదిలి వచ్చేసింది 1999 సెప్టెంబరులో. అంతకుముందూ వెళ్లింది, మళ్లీ తిరిగొచ్చింది. ఈసారి తిరిగి చూడలేదు. ఆ రోజు అతని చేతిలో కత్తి ఉంది. మూడేళ్ల ఆండ్రియా పక్కనే ఉంది. అమ్మ మీదికి నాన్న కత్తి ఎత్తడం ఆ పిల్ల కళ్లారా చూసింది.

గడప దాటితే పీడ వదులుతుందనుకుంటాం. చాలామంది ఆడవాళ్ల విషయంలో అసలు ప్రమాదం మొదలయ్యేది గడప దాటాకే.

అతను వెంటపడ్డాడు. తిట్టాడు, బెదిరించాడు, చంపుతానన్నాడు. అన్న ప్రతిసారీ ఆమె సివిల్ గార్డు ఠాణాకి వెళ్లింది, అక్కడ రాయించింది, ఆ కాగితం పట్టుకుని కోర్టు మెట్లెక్కింది, నన్నూ నా బిడ్డనీ అతనికి దూరంగా ఉంచండని అడిగింది, పిల్లని చూడాలంటే ఎవరో ఒకరి సమక్షంలోనే చూడనివ్వండని అడిగింది, పిల్ల ఖర్చులకి ఇవ్వాల్సిన డబ్బు ఇప్పించమని అడిగింది, మళ్లీ ఠాణాకి వెళ్లింది, మళ్లీ రాయించింది. అలా ముప్పైకి పైగా ఫిర్యాదులు.

శిక్ష పడింది ఒక్కదానికి. వేధించినందుకు జరిమానా. ఎంత? నలభై అయిదు యూరోలు.

కోర్టు ఏమీ చేయలేదని కాదు. ఆంహెలా దగ్గరికి వెళ్లకూడదని అతనికి ఆంక్షలు పెట్టింది. వాటిని అతను దాటాడు. దాటినందుకు ఏమీ కాలేదు. ఒకే ఒక్కసారి ఆ ఆంక్షల్లో ఆండ్రియా పేరు కూడా చేరింది. అతను అప్పీలు చేశాడు. పాపని చూసే వీలు లేకుండా పోతోందన్నాడు. కోర్టు అతని మాట విన్నది.

ఆండ్రియా పేరు కొట్టేశారు.

*

ఆ రోజుల్లో తండ్రీ కూతుళ్లు కలిసేది సాంఘిక సేవల శాఖ సిబ్బంది కళ్లెదుట. పిల్ల అతనితో ఎలా ఉంటోంది, అతను పిల్లని ఏమేం అడుగుతున్నాడు, అంతా నివేదికలకెక్కేది. ఈ కలయికల మీద ఒక కన్నేసి ఉంచాలని వాళ్లు రాస్తూనే ఉన్నారు. 2001లో అతన్ని మానసికంగా పరీక్షించి ఇంకో నివేదిక ఇచ్చారు. అందులో మూడు మాటలు నల్లటి అక్షరాల్లో ఉన్నాయి: అబ్సెసివ్ కంపల్సివ్ లక్షణాలు, రోగంలా ముదిరిన అనుమానం, ఉన్నదాన్ని లేనట్టుగా వక్రీకరించుకునే తత్వం.

ఆ నివేదిక ఫైల్లోనే ఉంది. 2001 నవంబరులో విడిపోవడానికి అనుమతిస్తూ తీర్పు వచ్చినప్పుడూ ఉంది. ఆ తీర్పులో కొట్టుడు ఊసు లేదు. ఆమె ఎందుకు బయటికొచ్చిందన్న సంగతి లేదు. ఇంటిని వాడుకునే హక్కు మాత్రం అతనికి వెళ్లింది.

2002 మే 6న అసలు దెబ్బ పడింది.

ఇకనుంచి పాపని అతను ఒంటరిగా తీసుకెళ్లొచ్చు. పక్కన ఎవరూ ఉండనక్కర్లేదు. ఈ ఆర్డరు వేసే ముందు తల్లిని పిలిచి అడగలేదు. పిల్లని పిలిచి అడగలేదు. తండ్రికీ కూతురికీ మధ్య సంబంధం మామూలవ్వాలి, అంతే. ఆలుమగల గొడవ ఆలుమగలది, తండ్రి మటుకు తండ్రే అన్న నమ్మకం. మన రచ్చబండల దగ్గరా, పెద్దమనుషుల పంచాయితీల్లోనూ వినపడే మాటే ఇది. అక్కడ నల్లకోటు తొడుక్కుని జడ్జి సంతకంతో వచ్చింది. తల్లి మీదికి బిడ్డ ముందే కత్తి ఎత్తినవాడు, ఆ బిడ్డ దగ్గర మాత్రం మరో మనిషవుతాడని ఎలా అనుకున్నారో ఆ ఫైల్లో ఎక్కడా లేదు.

సుమారు ఏడాది గడిచింది. ఆంహెలా ఆర్డరు పాటిస్తూనే ఉంది. పాటించకపోతే తప్పు ఆమెదవుతుంది. బిడ్డని తండ్రికి దూరం చేస్తున్న తల్లి అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్ర పడితే బిడ్డే చేజారిపోవచ్చు.

అందుకే ఆ గురువారం, ఆ మాట చెవిలో పడ్డాక కూడా, ఆమె పాప చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

*

ఏప్రిల్ నెలాఖరులో మాడ్రిడ్ చుట్టుపక్కల పొద్దు త్వరగా వాలదు. రాత్రి తొమ్మిది కావస్తున్నా వెలుతురు ఉంటుంది. అప్పగింత ఎప్పుడూ జరిగే చోటే, సాంఘిక సేవల ఆఫీసు దగ్గర. ఆండ్రియా తండ్రితో వెళ్లింది.

తిరిగి తీసుకెళ్లే వేళకి ఆంహెలా వచ్చేసింది.

వాళ్లు రాలేదు.

ఆమె ఎదురుచూసింది. దారి వంక చూసింది. గడియారం చూసింది. అయినా రాలేదు. పొద్దున కోర్టు దగ్గర విన్న మాట ఇప్పుడు ఆమె గుండెల్లో ఏ చప్పుడు చేసి ఉంటుందో తల్లులకి చెప్పనక్కర్లేదు. పోలీసుల దగ్గరికి పరిగెత్తింది. అతని ఇంటికి వెళ్లి చూడండని అడిగింది. మూడున్నరేళ్లుగా అడుగుతూనే ఉంది. ఈసారి వెళ్లారు.

తలుపు తీసుకుని లోపలికెళ్లారు. ఇద్దరూ చనిపోయి ఉన్నారు. తుపాకి అతని చేతిలో ఉంది. ముందు పిల్లని కాల్చాడు, తర్వాత తనని తాను కాల్చుకున్నాడు.

జూన్‌లో కోర్టు క్రిమినల్ ఫైలు మూసేసింది. నేరం చేసినవాడు బతికి లేడు కాబట్టి విచారించడానికి ఎవరూ లేరంది.

ఉన్నారని ఆంహెలా అనుకుంది.

*

2004 ఏప్రిల్‌లో ఆమె న్యాయశాఖ మీద క్లెయిము వేసింది. నా బిడ్డని చంపింది అతనొక్కడే కాదు, ముప్పైసార్లు చెప్పినా వినని వ్యవస్థ కూడా అందులో ఉందన్నది వాదన. మంత్రిత్వశాఖ జవాబు 2005లో వచ్చింది. కోర్టుల పనితీరు మామూలుగానే ఉందట.

పై కోర్టు 2008లో కాదంది. సుప్రీంకోర్టు 2010లో కాదంది. రాజ్యాంగ న్యాయస్థానం 2011లో, ఇందులో రాజ్యాంగపరంగా చూడాల్సిందేమీ లేదని కేసు తీసుకోనేలేదు. బిడ్డ పోయి ఎనిమిదేళ్లు. దేశంలో ఇక తట్టడానికి తలుపు లేదు.

తలుపు జెనీవాలో ఉంది.

స్త్రీల పట్ల అన్నిరకాల వివక్షనూ తుడిచేయాలన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఒకటుంది. దాన్ని అంతా సీడా అంటారు. దానికి అనుబంధంగా ఒక ఐచ్ఛిక ప్రొటోకాల్ ఉంది. అందులో చేరిన దేశపు స్త్రీ, తన దేశంలో దారులన్నీ మూసుకుపోతే నేరుగా ఆ ఒప్పందం అమలుని చూసే కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. స్పెయిన్ చేరింది. భారతదేశం 1993లో ఒప్పందాన్ని ఆమోదించింది కానీ ఆ ప్రొటోకాల్‌లో చేరలేదు. కాబట్టి మన గుంటూరులోనో వరంగల్‌లోనో ఇలాంటి తల్లి ఎవరైనా ఉంటే ఆమెకి ఆ తలుపు లేదు. ఈ సంగతి మనవాళ్లు ఎక్కువగా మాట్లాడుకోరు. మాట్లాడుకోవాలి.

2012లో, విమెన్స్ లింక్ వరల్డ్‌వైడ్ అనే సంస్థ లాయర్ల తోడుతో, ఆంహెలా అర్జీ జెనీవా చేరింది. స్పెయిన్ ప్రభుత్వం ఎదురు వాదించింది. ఇలా జరుగుతుందని ముందే పసిగట్టే సూచనలేవీ లేవంది.

ముప్పై ఫిర్యాదులు. మానసిక నివేదిక. సాంఘిక సేవల హెచ్చరికలు. ఇవేవీ సూచనలు కావట!

2014 జులై 16న కమిటీ తేల్చేసింది. తప్పు స్పెయిన్‌దే. తండ్రి చూసే హక్కు గురించి కోర్టులు మూసపోసిన ఆలోచనతో నడిచాయనీ, ఆడామగా సమానమని పైకి చెబుతూ అతనికే మొగ్గు చూపాయనీ, తల్లీబిడ్డల్ని నిస్సహాయంగా వదిలేశాయనీ రాసింది. పరిహారం ఇవ్వమంది. జరిగిన లోపాల మీద నిష్పక్షపాతంగా విచారణ జరపమంది. పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలో, ఎవరు ఎలా చూడాలో తేల్చేటప్పుడు ఇంట్లో అంతకుముందు జరిగిన హింసని లెక్కలోకి తీసుకోమంది. జడ్జీలకి ఈ విషయంలో శిక్షణ ఇవ్వమంది.

ఆంహెలా ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చింది. ప్రభుత్వం దానివంక చూసి, ఇది మమ్మల్ని కట్టడి చేయదంది.

మళ్లీ మెట్లు. మళ్లీ కోర్టులు. మళ్లీ కాదు, కాదు.

చివరికి అదే సుప్రీంకోర్టు. 2010లో వెనక్కి పంపిన చోటే. 2018 జులై 17న అక్కడి న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పు వేరు. ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశం, ఆ ఒప్పందపు కమిటీ చెప్పినదాన్ని పక్కన పడేయడానికి వీల్లేదన్నారు. ఆమె ప్రాథమిక హక్కులకి భంగం కలిగిందన్నారు. ఆరు లక్షల యూరోలు చెల్లించమన్నారు. ఆండ్రియా పోయి పదిహేనేళ్లు దాటింది.

ఇల్లు వదిలిన తల్లి చుట్టూ చట్టాలూ నెమ్మదిగా కదిలాయి. పాప పోయిన మూడు నెలలకి, 2003 జులై ఆఖర్న, స్పెయిన్ గృహహింస బాధితులకి రక్షణ ఉత్తర్వుల చట్టం చేసింది. 2004 డిసెంబరులో స్త్రీలపై హింసకి సమగ్ర చట్టం వచ్చింది. మన దగ్గర 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్‌లో ఒక మాట ఉంది: ఫిర్యాదు ఎదుర్కొంటున్న మనిషి చూడటానికి రావడం వల్ల పిల్లలకి హాని అని మేజిస్ట్రేటుకి అనిపిస్తే, ఆ అనుమతి నిరాకరించి తీరాలి. తల్లి అర్జీలోనే ఆ సెక్షన్ కింద అడగొచ్చు. రక్షణాధికారి రాసే నివేదికలో పిల్లల వివరాలకీ చోటుంది.

స్పెయిన్ సివిల్ కోడ్ 94వ అధికరణంలో అలాంటి మాట చేరడానికి 2021 దాకా పట్టింది. భార్యనో పిల్లల్నో హింసించాడని క్రిమినల్ కేసు నడుస్తున్న తండ్రికి పిల్లల్ని కలిసే ఏర్పాటు చేయకూడదని. మినహాయింపు ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు. కాకపోతే పిల్లని పంపమనే జడ్జి, ఆ పిల్ల మేలు చూసి, ఎందుకు పంపమంటున్నారో కారణాలు రాసి సంతకం పెట్టాలి.