గంట ప్రయాణం

మా పెద్దమ్మ పెళ్లి కాకముందు ఉస్మాన్‌గంజ్‌లో, ఒక పప్పుల గోదాము మీది రెండు గదుల ఇంట్లో ఉండేది. తాత కింద అడ్తి దుకాణంలో లెక్కలు రాసేవాడు. ఆమె డిగ్రీ చదివే కాలేజీకి నడిచే వెళ్లేది. ఉస్మానియా క్యాంపస్‌కి మాత్రం, బస్సు కోసం నిలబడ్డది కూడా కలుపుకుంటే, గంట.

ఈ గంట సంగతి నాకు ఒక ప్రశ్నావళి చదువుతుంటే గుర్తొచ్చింది. 2009లో సోఫియా మోస్కాలెంకో, క్లార్క్ మెకాలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు యాక్టివిజాన్నీ రాడికలిజాన్నీ కొలిచే స్కేలు ఒకటి తయారు చేశారు. దాన్ని విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద కూడా పరీక్షించారు. సంఘంలో చేరతారా, చందా ఇస్తారా, గంటసేపు ప్రయాణం చేసైనా సభకు వెళ్తారా - ఇవి ఒక రకం ప్రశ్నలు. సంఘం చట్టాన్ని మీరినా వెంట ఉంటారా, పోలీసులు మనవాళ్లను కొడుతుంటే తిరగబడతారా - ఇవి రెండో రకం. (మన దగ్గర 'రాడికల్' అనగానే ఒక విద్యార్థి సంఘం పేరే గుర్తొస్తుంది, అది వేరే కథ.) ఈ రెండూ దగ్గరివే అయినా వేరువేరని, మొదటిది రెండోదానికి నిచ్చెన మెట్టు కాదని వాళ్లు తేల్చారు. ఆ మాట నాకు నచ్చింది. నినాదమిచ్చిన ప్రతి పిల్లనీ రేపటి తుపాకీగా చూసే చూపుకి అది మంచి జవాబు.

కానీ ఆ గంట ఎవరి గంట?

1972 ఏప్రిల్ 14న జార్జిరెడ్డిని క్యాంపస్‌లోనే హత్య చేశారు. ఆ తర్వాత ఉస్మానియా మునుపటిలా లేదు. 1974లో హైదరాబాద్‌లో ప్రగతిశీల మహిళా సంఘం మొదలైంది. వరకట్నం, ధరల పెరుగుదల, అశ్లీల పోస్టర్లు - వీటి మీద విద్యార్థినులు వీధుల్లోకొచ్చారు. మరుసటి ఏడే ఎమర్జెన్సీ. అరెస్టయినవాళ్లు, సభ్యత్వం ఉన్నవాళ్లు లెక్కకు దొరుకుతారు. మిగిలినవాళ్లు? తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల గురించి 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా, ఉత్తరాలు మోసిన, అన్నం వండిపెట్టిన స్త్రీలను పోరాటంలో భాగంగా ఎవరు లెక్కపెట్టారు?

ఆ ప్రశ్నలే పెద్దమ్మను అడిగాను. సంఘంలో ఉన్నావా? "లేను బిడ్డా." తిరగబడేదానివా? నవ్వింది. సభకు?

"ఒక్కపారి పోయిన. క్యాంపస్‌ల మీటింగు."

చందా ఇచ్చావా?

"నాలుగణాలు. చేతుల ఉన్నయే అవి, బస్సు పైసలు. డబ్బా ముందుకు పెడ్తె వేసేసిన. వచ్చేటప్పుడు నడిచొచ్చిన. అఫ్జల్‌గంజ్ దాటేసరికి చీకటి పడ్డది. మీ తాత గోదాము మెట్ల మీదనే కూసున్నడు. ఒక్క మాట అనలేదు. తెల్లారి నా పుస్తకాలు మూటగట్టి అటక మీద పెట్టిండు."